గోడౌనులో మిగిలినవి

మొన్న మా కోడలు కిరాణా కొట్టు నుంచి ఎలుకల మందు పొట్లం తెచ్చింది. నాకు జుట్టు నెరిశాక అక్షరాలు వచ్చాయి కాబట్టి కనబడిందల్లా చదువుతాను, పొట్లాలతో సహా. ‘తిన్న ఎలుక బతకదు’ అని ఉంది దానిమీద. నవ్వొచ్చింది. అది రాసినవాడు మా బావతో ఒక్క పూట పనిచేసి ఉంటే అంత ధైర్యంగా రాసేవాడు కాదు.

బావంటే మా అక్క మొగుడు. సబ్బవరం దగ్గర ఉన్న మడి చెక్క తిండికి చాలక, డెబ్బైల మొదట్లో ఇద్దరం విశాఖ వచ్చి పోర్టు పక్కన ఒక ధాన్యం గోడౌనులో చేరాం. నాది బస్తాలు మోసే పని. బావది ఎలుకలకు మందు పెట్టే పని. పిండిలో మందు కలిపి, బెల్లం పట్టించి, ఉండలు చేసి బస్తాల సందుల్లో పెట్టేవాడు. పెట్టేముందు వినాయకుడి వాహనమని ఒక దణ్ణం. చంపేవాడికి దణ్ణమెందుకని నేను ఎగతాళి చేసేవాణ్ణి. మొదటి ఏళ్ళలో చచ్చినవాటిని తట్టలకెత్తలేక నడుములు పడిపోయేవి. గోధుమల వాసన, తడి గోనె వాసన, వాటి మీద ఆ కుళ్ళు కంపు. మా అక్క మమ్మల్ని నూతి దగ్గరే నిలబెట్టి నెత్తిన నీళ్ళు గుమ్మరించాకే ఇంట్లోకి రానిచ్చేది.

ఏళ్ళు గడిచేకొద్దీ తట్టలు తేలికయ్యాయి. ఎలుకలు తగ్గి కాదు. పట్టపగలే బస్తాల వెనక గరగర వినిపించేది. పెట్టిన ఉండలు మాయమయ్యేవి, చచ్చింది ఒక్కటీ కనబడేది కాదు. ఎనభైల్లో బావను పర్మనెంటు చేస్తారన్న మాట నడుస్తుండగా, మందు బయట అమ్ముకుని వట్టి పిండి పెడుతున్నాడని పుకారు పుట్టింది. సూపర్వైజరు విశాఖ పాత ఊరి సాయిబు గారు. గడ్డానికి గోరింటాకు పెట్టుకునే పెద్దమనిషి, కోపం తక్కువ, అనుమానం ఎక్కువ. “చచ్చిన ఎలుకలు చూపించు, లేదా ఇంటికెళ్ళు” అన్నాడు.

మా బావ ఏం చేశాడయ్యా అంటే, అదే మందు పట్టుకుని ఊరెళ్ళి పొలం గట్ల మీద పెట్టాడు. అక్కడ చచ్చినవాటిని గోనెసంచిలో మోసుకొచ్చి సాయిబు గారి ముందు కుమ్మరించాడు. ఆయన కర్రతో ఒకదాన్ని తిరగేశాడు.

“అరె భాయ్, సిమెంటు గచ్చు మీద చచ్చిన ఎలుకకి కాళ్ళనిండా బురదేంటయ్యా?”

“బస్సు దొరక్క నడిసొచ్చుంటాయి బాబూ” అన్నాడొక కూలీ. అందరూ గొల్లుమన్నారు.

బావ నవ్వలేదు. “మందు అదే బాబూ, అప్పన్న సామి మీద ఒట్టు. ఊర్లో సచ్చిపోతన్నాయి, ఇక్కడ సావట్లేదు. నానేటి సెయ్యను?” అన్నాడు.

సాయిబు గారు కొత్త డబ్బా తానే విప్పి, గోడౌనులో బోనుకు పడిన ఒక ఎలుకకు ఆ మందు కలిపిన ఉండలే తిండిగా పెట్టాడు. వారం దాటింది. అది బలిసింది. చూడ్డానికి ముగ్గురం బోను దగ్గర వంగాం. అది వెనక్కాళ్ళ మీద లేచి, మీసాలు తుడుచుకుని, మా వంక చూసింది. అంతవరకూ చుట్టూ గరగరలాడుతున్న గోడౌను ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. బస్తాల సందుల్లోంచి ఎన్ని కళ్ళు చూస్తున్నాయో తెలీదు.

బావే ముందు నోరు విప్పాడు. “మా అయ్య గట్టి కంకులు ఏరి ఇత్తనానికి దాసీవోడు బాబూ, తాలుని పోనిచ్చీవోడు. నాను ఇన్నేళ్ళూ అదే సేసినాను. సచ్చీవన్నీ సచ్చిపోనాయి. సావనివాట్ని ఏరి ఇత్తనానికి ఒగ్గీసినాను. ఇయన్నీ వాటి పిల్లలే.”

సాయిబు గారు వేరే రకం మందు కావాలని పైవాళ్ళకు రాశాడు. బావ ఉద్యోగం నిలిచింది, పర్మనెంటూ అయింది. కొత్త మందు వచ్చింది. మళ్ళీ తట్టలు నిండాయి, కూలీలు మిఠాయిలు పంచుకున్నారు. నేను సంబరంగా ఒక తట్ట ఎత్తబోతుంటే బావ నా చెయ్యి పట్టుకున్నాడు.

“సచ్చినవి సూడకురా బామ్మర్దీ. సావనివి ఎక్కడున్నాయో సూడు.”

కాలం అందరికీ ఒకేలా నడుస్తుందంటారు. అబద్ధం. మా బావకు ఒక ఉద్యోగం నిలబడేలోగా, ఆ బస్తాల వెనక చీకట్లో ఒక జాతే పుట్టుకొచ్చింది.