బోడిగాడి పేజీ

నా చిన్నప్పుడు వ్యాసర్పాడిలో, మేమున్న వీధిలో, దెబ్బలు తినకుండా పెద్దయిన పిల్లలు లేరు. రైల్వే యార్డు గోడను ఆనుకుని మా ఇళ్లు. నీళ్ల పంపు దగ్గర బిందెలతో కొట్టుకునేవాళ్లు, గోళీల దగ్గర రాళ్లతో కొట్టుకునేవాళ్లు. ఇది చాలదన్నట్టు మాకు పుస్తకాల్లో కూడా కొట్లాటలే కావాలి.

ఆ పుస్తకాలు మా తాతయ్య పురసవాక్కంలో పాత పుస్తకాల కొట్టు నుంచి తెచ్చేవాడు. ముగ్గురు రాకుమారుల సాహసాలు, ఒకదాని తర్వాత ఒకటిగా వచ్చిన తెలుగు కథలు. మేమంతా తమిళ బడిలో చదివేవాళ్లం. ఇంట్లో తెలుగు మాట్లాడతాం గానీ ఒక్క అక్షరం చదవలేం. అందుకని సాయంత్రం తాతయ్య ఇంటి ముందు తిన్నె మీద కూర్చుని చదవాలి, మేం చుట్టూ మూగి వినాలి.

ప్రతి పుస్తకంలోనూ ఎక్కడో ఒక చోట బోడిగాడనేవాడు వచ్చేవాడు. ఏదో తప్పు చేశాడని గుండు గీయించి ఊరి నుంచి వెలేసిన మనిషి. ఆకలికి తట్టుకోలేక ఊళ్లోకి వస్తాడు, రాకుమారులు పట్టుకుని చావబాదుతారు, కథ ముందుకు పోతుంది. వాడు చేసిన తప్పేమిటో ఏ పుస్తకంలోనూ లేదు. మాకూ అక్కర్లేదు. వాడికి దెబ్బలు పడుతుంటే పగలబడి నవ్వేవాళ్లం.

మరునాడు అదే ఆట. రాకుమారుడంటే మా అన్నే, పెదనాన్న కొడుకు, అందరిలోకీ పెద్దవాడు. బోడిగాడి దగ్గరే పేచీ, ఎవరూ ఒప్పుకునేవారు కాదు. అలాంటి సమయంలో మొక్కు తీర్చడానికి నన్ను తిరుపతి తీసుకెళ్లి గుండు చేయించారు. తిరిగొచ్చిన రోజున వీధి మలుపులో నన్ను చూడగానే మా అన్న ముఖం వెలిగిపోయింది.

"డేయ్, బోడిగాడు దొరికినాడ్రా! రాండి, ఈడుండాడు!"

మొదట్లో ఉత్తుత్తి దెబ్బలే. పోనుపోను సరుగుడు కట్టెలు వచ్చాయి. వీపు మీద వాతలు తేలేవి. ఏడిస్తే ఆటలోకి రానివ్వరని పళ్లు బిగపట్టేదాన్ని. ఒక మధ్యాహ్నం నన్ను యార్డు గోడకు అదిమిపెట్టారు. మా అన్న కంకరరాయి తీసి విసిరాడు. జుట్టన్నా ఉంటే కాస్త అడ్డుపడేదేమో. బోడి నెత్తి మీద తగిలి చర్మం చిట్లింది. నెత్తురు కంట్లోకి కారి ఒక కన్ను కనిపించలేదు. అయినా వాళ్లు ఆగలేదు. కథలో పొలిమేర దాకా తరుముతారు కదా, నన్ను ఇంటి గుమ్మం దాకా తరిమారు. వెనక కట్టెల చప్పుడు వింటూ, ఇవాళ నన్ను చంపేస్తారనే అనుకున్నాను.

అమ్మ గాయానికి పసుపు అద్దుతూ "ఎవురు కొట్టినార్మే?" అని అరిచింది.

"ఎవురూ లేదుమా. పడిపోతిని."

చెబితే రేపు ఇంకా కొడతారు. తిన్నె మీదున్న తాతయ్య చెవిన ఈ మాట పడింది.

సాయంత్రం అందరూ చేరారు. నేను తలకు గుడ్డ కట్టుకుని దూరంగా కూర్చున్నాను. తాతయ్య చదువుతూ పోయాడు. బోడిగాడు వచ్చాడు, రాకుమారులు కొట్టారు, అందరూ నవ్వారు. రోజూ అయితే అక్కడ పేజీ తిప్పేవాడు. ఆ రోజు తిప్పకుండా అదే గొంతుతో చదువుతూనే ఉన్నాడు. బోడిగాడు పాక్కుంటూ ఏటి గట్టుకు వెళ్లాడట. ఒక కన్ను కనిపించడం లేదట. అక్కడ గుడిసెలో వాడికి అమ్మ ఉందట. ఆమె నెత్తురు తుడుస్తూ ఎవరు కొట్టారు నాయనా అని అడిగితే, ఎవరూ లేదమ్మా, పడిపోయాను అన్నాడట.

తిన్నె మీద నవ్వు ఆగిపోయింది. మా అన్న నా తలగుడ్డ వైపు చూశాడు.

"వాళ్లమ్మకి తెల్లేదా తాతా, కొట్టినారని?"

"అమ్మకి తెలీకుండా ఉంటాదా రా?" అని తాతయ్య పుస్తకం మూశాడు.

ఒక్క పూటతో బాగుపడే రకం కాదు మేము. మరునాడు మిగతా పిల్లలంతా బోడిగాడి పక్షం చేరిపోయారు. మా అన్నను కింద పడేసి, తన్ని, పెదవి పగలగొట్టి, నా చేతికి కట్టె ఇచ్చారు. కొట్టాలనే ఉంది నాకు. చెయ్యి కూడా ఎత్తాను. నోటి నిండా మట్టీ నెత్తురూ పెట్టుకుని వాడు నా వైపు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు, నిన్న అది నాదే. కట్టె గోడ అవతలికి విసిరేశాను. ఇంట్లో పెద్దమ్మ అడిగితే వాడూ పడిపోతిని అనే చెప్పాడు.

బోడిగాడి సంగతి ఇంకా తెలుసుకోవాలని తాతయ్య దగ్గర తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను. చదవడం రాగానే ఆ పేజీ వెతికి తీశాను. బోడిగాణ్ణి చితకబాది తరిమేశారు అని ఉంది, అంతే. ఏరు లేదు, గుడిసె లేదు, అమ్మ లేదు. ఒళ్లు మండిపోయి ఆయన మీదికి వెళ్లాను.

"ఈడ లేనే లేదే తాతా!"

"రాసినోడు రాయకపోతే వాడికి అమ్మ లేకుండా పోతాదా మే?"

ఇప్పుడు మాధవరంలో నా మనవరాలికి నేను చదివి వినిపిస్తున్నాను. దానికీ తెలుగు చదవడం రాదు. ఏ పుస్తకం తీసినా ఎవడో ఒకడు దెబ్బలు తిని కథలోంచి వెళ్లిపోతుంటాడు. అక్కడికి రాగానే నా చెయ్యి నెత్తి మీది మచ్చ మీదికి పోతుంది. పేజీ తిప్పకుండా చదువుతూ పోతాను.

మొన్న దానికి అనుమానం వచ్చింది. "ఇదంతా నిజంగా ఈడ రాసుండాదా అవ్వా?"

"అక్షరాలు నేర్చుకుని నువ్వే చూసుకో" అన్నాను.