ఇల్లు ఒప్పుకోవాలి

ఆ గూడెం పెద్ద అనగానే నాకు గుర్తొచ్చేది ఆయన అరచెయ్యి. ఏ తీర్పు చెప్పాలన్నా ముందు పాతింటి మట్టిగోడను దాంతో తట్టి, చెవి ఆనించి వినేవాడు. హుకుంపేట దగ్గరి ఆ గూడెంలో మొట్టమొదట లేచిన ఇల్లది. ఊరందరి విత్తనాలూ దాని అటక మీదే ఉండేవి. ఏ కప్పూ దాన్ని మించి లేవకూడదని పంచాయతీ కట్టుబాటు.

పందొమ్మిది వందల ఇరవైల్లో మైదానం నుంచి వెళ్లిన మా నాన్న, ఆ ఇంటి పక్కనే ఉప్పుకొట్టు కోసం పొడవాటి రాటలు పాతాడు. పంచాయతీ అడ్డుపడింది.

"గడ్డి కొంపకి ఇంత మర్యాదేటయ్యా?" అని నాన్న రుసరుసలాడాడు.

పెద్ద గోడ తట్టి విన్నాడు. "ఇల్లు ఒప్పుకోనంటంది, సావుకారూ. పైకి లేపొద్దు. కావాలంటే కిందకి తవ్వుకో."

వేళాకోళమనుకున్నాం. మర్నాడు గూడెమంతా గునపాలతో వచ్చి తవ్విపెట్టింది! ఆ గుంతలోనే కొట్టు కట్టుకున్నాం; జనం మెట్లు దిగొచ్చి ఉప్పు కొనుక్కునేవారు. వానపడితే పెద్దే ముందుగా దిగి, నవ్వుతూ సొరబుర్రతో నీళ్లు తోడేవాడు.

కొన్నేళ్లకి నాన్న విసిగిపోయి, కొట్టు విప్పేసి గుంత పూడ్చేద్దామని బండెడు మట్టి తోలించాడు. పెద్ద వచ్చాడు. ఈసారి మా కొట్టు గోడ తట్టి, చెవి ఆనించాడు.

"ఇదీ ఒప్పుకోనంటంది."

నాన్న కోపంగా వెళ్లి తనూ చెవి ఆనించాడు. చాలాసేపు అలాగే ఉండి, మట్టిబండిని వెనక్కి తోలుకుపొమ్మన్నాడు.