కూడేరు దాకా నిద్ర

ఈశ్వరిది విడపనకల్లు దగ్గరి పల్లె. పదో తరగతిలో బడికంతా ఫస్టు వచ్చిన పిల్ల. ఉరవకొండ డిగ్రీ కాలేజీలో చేరాక, నోట్సన్నీ వాట్సాప్‌లోనే వస్తాయంటే తండ్రి హనుమంతప్ప స్మార్ట్‌ఫోన్ కొనిచ్చాడు. రాత్రి నోట్సు చదివి, ఒక్క వీడియో చూసి పడుకుందామనుకునేది. అది ఒక్కదానితో ఆగేది కాదు. పొద్దున కళ్లు మండేవి. లెక్చరర్ చెప్పేది చెవిన పడేది గానీ బుర్రకెక్కేది కాదు. బస్సెక్కితే చాలు, తల కిటికీకి వాలిపోయేది.

ఎకనామిక్స్ పరీక్ష రోజు కూడా అంతే. ఉరవకొండ వస్తే లేపమని పక్క సీటు ముసలమ్మకు చెప్పింది. ఆమె ఉరవకొండకు ముందు ఊళ్లోనే దిగిపోయింది. ఈశ్వరి కళ్లు తెరిచేసరికి బస్సు ఉరవకొండ దాటి కూడేరు వచ్చేసింది. ఇంకో బస్సు పట్టుకుని వెనక్కొచ్చేసరికి కాలేజీ గేటు మూసేశారు. వాచ్‌మన్ పాపం లోపలికెళ్లి అడిగొచ్చి, కుదరదన్నాడు. అందరూ రాసి బయటికొచ్చేదాకా గేటు పక్కనే కూర్చుంది. ఒకరి దగ్గర ప్రశ్నపత్రం తీసుకుని చూస్తే చాలావరకు తెలిసినవే.

ఇంటికొచ్చేసరికి తండ్రి పశువుల మేతకు వేరుశనగ కట్టెను వామిగా పేరుస్తున్నాడు.

"పరీచ్చ బాగా రాసినావామ్మా?"

"రాయలేదు నాయనా. బస్సులో నిద్రపోయినా."

రాత్రిళ్లు ఫోను చూస్తున్న సంగతి కూడా చెప్పేసింది. హనుమంతప్ప కాసేపు పని ఆపాడు.

"దుప్పటి కింద వెలుతురు చూసి, బిడ్డ చదువుకుంటాండాదిలే అనుకుంటి. ఊర్లో అందరికీ అదే చెప్పినా."

మళ్లీ పనిలో పడ్డాడు. తిట్టి ఉంటే బాగుండేదని ఈశ్వరికి అనిపించింది.

ఆ సాయంత్రమే తన ఫోను తండ్రికిచ్చి, ఆయన బటన్ ఫోను తీసుకుంది. మొదట్లో పడుకున్నా నిద్ర రాలేదు. చెయ్యి దానంతటదే దిండు కింద వెతికేది. నోట్సు స్నేహితురాలు సునంద ఫోనులో చూసి మధ్యాహ్నం రాసుకునేది. సునంద ఒక్కోసారి విసుక్కునేది, ఈశ్వరి సర్దుకునేది. చలికాలం పోయేసరికి నిద్ర దారిలో పడింది.

మరుసటి ఏడాది జూనియర్లతో కూర్చుని ఆ పరీక్ష రాసింది. గొప్ప మార్కులేమీ రాలేదు, పాసయింది. ఇప్పుడు ఆదివారాలు తండ్రి దగ్గర ఫోను తీసుకుని కాసేపు చూస్తుంది. తిరిగివ్వాలంటే ఇప్పటికీ మనసొప్పదు. అయినా ఇచ్చేస్తుంది.