మా ఇంటి స్కోప్ లెన్సు

మా ముత్తాత ములుగు దిక్కు పదకొండు ఊళ్లకు దేశ్‌ముఖ్. కోటలాంటి మా గడి ముందు నుంచి పోయేవాళ్లు చెప్పులు చేతబట్టుకుని నడిచేవారట. అది గొప్పగా చెప్పుకునే సంగతి కాదని చదువుకున్నాక తెలిసింది. అయినా జరిగింది కాబట్టి రాస్తున్నాను. ఆయన కొడుకు, మా తాత, వరంగల్ వచ్చి సినిమా హాలు కట్టించాడు. ఊళ్లో వెడల్పు తెర వేసిన తొలి హాళ్లలో అదొకటి. మా నాన్న కాలంలో హాలు పోయింది. నా వంతుకు మిగిలినవి తాత ఇంట్లో వాడుకున్న చిన్న ప్రొజెక్టరు, దాని ముందు బిగించే స్కోప్ లెన్సు, ఒక రీలు.

లెన్సు అంటే పిడికిలంత ఇత్తడి గొట్టం, లోపల అద్దాలు. తాత దాన్ని కీ ఇచ్చి తిప్పే కెమెరాకు బిగించి మా మేనత్త పెళ్లి తీశాడు. తీసేటప్పుడు అది వెడల్పునంతా నొక్కి సన్నని ఫిలింలో ఇరికిస్తుంది. చూపేటప్పుడు అదే లెన్సు నొక్కినదాన్ని విప్పి గోడ మీద పరుస్తుంది. అది లేకుండా రీలు వేస్తే మనుషులు వెదురుబొంగుల్లా కనిపిస్తారు.

మా నాయనమ్మ ఫొటోకు ఎన్నడూ నిలబడలేదు. ఆయుష్షు తగ్గుతుందని ఆమె భయం. తాత ఆమెకు చెప్పకుండా మేడ మీద నుంచి తీసిన ఆ మూడు నిమిషాల పెళ్లి రీలులో మాత్రమే ఉంది. ఎదురుకోళ్లకు హారతి పళ్లెం పట్టుకుని నడిచొస్తుంది, ఎవరినో కసురుతుంది, వెంటనే నవ్వుతుంది.

పోయిన ఏడాది మేనత్తకు రెండు కళ్లలో నీటికాసులు ముదిరాయి. ఉన్న చూపు కూడా నిలవదని డాక్టరు చెప్పాడు. ములుగు నుంచి ఫోన్ చేసింది.

“అల్లుడా, కండ్లు పోకముందు మా అమ్మను ఒక్కసారి సూపెట్టురా.”

రేపే రమ్మన్నాను.

అంతకు నాలుగు నెలల ముందు మా చిన్నాన్న కొడుకు ఆ రీలునూ లెన్సునూ అడిగి తీసుకుపోయాడు. “దోస్తు దగ్గర కంప్యూటర్ల ఎక్కిపిస్త అన్నా. రీలు ఖరాబైతే మల్ల దొరుకుతదా?” అన్నాడు. వారానికి తెచ్చి ఇచ్చాడు. చాయ్ తాగుతూ గంటసేపు కూర్చున్నాడు. నేను లెన్సు పెట్టె తెరవలేదు. సొంతవాళ్లు తిరిగి తెచ్చిన వస్తువును వాళ్ల ముందు విప్పి చూసే అలవాటు మా ఇంట్లో లేదు. చూస్తే దొంగ అన్నట్టే. చేతికి బరువు సరిగానే తోచింది. అలాగే బీరువాలో పెట్టేశాను.

మేనత్త మధ్యాహ్నం బస్సుకు వచ్చింది. కిటికీలకు దుప్పట్లు కట్టి, ఆమె కుర్చీని గోడకు దగ్గరగా జరిపి, ప్రొజెక్టరు వేశాను. పెళ్లివారు వచ్చారు, అందరూ సన్నగా, పొడుగ్గా. నాయనమ్మా అలాగే వచ్చింది.

“ఇదేందిరా, మా అమ్మ గింత బక్కగ ఎప్పుడుండె? కరువుల పుట్టినట్టున్నది!”

లెన్సు కొంచెం తిరిగినట్టుంది అత్తమ్మా అని నవ్వాను. స్కోప్ లెన్సును తిప్పితే గోడ మీద బొమ్మ అటో ఇటో వాలుతుంది. సరిగ్గా నిలబడేదాకా తిప్పుతూ పోవాలి. పావు చుట్టు తిప్పాను. బొమ్మ కదల్లేదు. సగం తిప్పాను, పూర్తిగా తిప్పాను. అది అలాంటి గొట్టంలోనే బిగించిన మామూలు అద్దం. నేను దాన్ని చేత్తో పట్టుకుని నిలబడి ఉండగానే నాయనమ్మ నవ్వడం, రీలు అయిపోవడం జరిగిపోయాయి.

“లెన్సు పాడైనట్టున్నది అత్తమ్మా. వారంల బాగు చేయిస్త,” అన్నాను. తమ్ముడి పేరు ఎత్తలేదు. ఇంటివాడి తప్పు ఇంకో ఇంటికి, అది మేనత్త ఇల్లయినా సరే, నా నోటి నుంచి పోకూడదు.

మర్నాడు వాడింటికి పోయాను. వాడు బుకాయించలేదు.

“అమ్మిన అన్నా. పెండ్లి వీడియోలు తీసేటోడు కెమెరకు పెట్టుకుంటనని ఎంటవడ్డడు. సినిమా లెక్క వస్తదట. వాడు హైద్రబాదుల ఇంకొకనికి ఇచ్చిండు. ఇగ దొరకది.”

“నాకొక మాట చెప్పద్దా?”

“చెప్దామనే గా దినం గంటసేపు కూసున్న. నువ్వు పెట్టె తెరుస్తవు, అడుగుతవు, కాళ్ల మీద పడుదామనుకున్న. నువ్వు తెరువకపోతివి. పెద్ద దొరవు కదనే! నేనేం జెయ్యాలె?”

నేను లేచాను. వాడు అడ్డం వచ్చాడు.

“జర ఆగు అన్నా. రీలు కంప్యూటర్ల ఎక్కిచ్చింది నిజమే. కంప్యూటర్లనే అడ్డంగ సాగదీస్తే మనుషులు సక్కగైతరు. అత్తమ్మకు నేను సూపెడ్త.”

“నువ్వు చేసింది చాలు. మా నాయినమ్మను నువ్వు సక్కదిద్దుడు అక్కెర లేదు.”

“నాకు గూడ నాయినమ్మనే గదా.”

వాడి భార్య మంచినీళ్లు తెచ్చింది. తాగకుండా వచ్చేశాను.

ఆ తర్వాత అలాంటి లెన్సు కోసం రెండుసార్లు హైదరాబాదు పోయి వెతికాను. ఒకచోట పగిలినది చూపించారు. ఇంకోచోట ఉన్నది పెద్ద హాలుది, మా ప్రొజెక్టరుకంటే బరువైనది. మేనత్తకు చెప్పిన వారం దాటి నెలయింది. ఆమెకు ఫోన్ చేయడానికి మొహం చెల్లలేదు. ఆమే చేసింది.

“అల్లుడా, నీ తమ్ముడొచ్చి టీవీల సూపెట్టిండురా! మా అమ్మ నవ్వుతాంది! నాలుగుసార్లు వేపిచ్చుకున్న.”

మంచిది అత్తమ్మా అన్నాను.

“లెన్సు అమ్ముకున్ననని చెప్పుకుని ఏడ్సిండు. పోనియ్యి, అద్దమే గద. మనసుల పెట్టుకోకు. నువ్వేమో పాడైందంటివి. వాడైన నిజం చెప్పిండు.”

వాడి పరువు కోసమే ఆ అబద్ధమాడానని చెప్పవచ్చు. నోటిదాకా వచ్చింది. కళ్లలో చుక్కలు మానకుండా వేసుకో అని మాత్రం చెప్పి ఫోన్ పెట్టేశాను.

ఆ నెలలోనే ప్రొజెక్టరును హన్మకొండలో ఒక హోటలు యజమానికి, ముందు గదిలో అలంకారానికి పెట్టుకుంటానంటే, అమ్మేశాను.