మాస్టారు తెచ్చిన మెజోటింట్

మా హాల్లో గోడకు ఒక పాత మెజోటింట్ ప్రింటు ఉంది. ఏటి ఒడ్డున చెట్లు, సాయంకాలపు ఆకాశం, ఇంటికి మళ్లిన పశువులు. కోఠీలో పాత పుస్తకాల మధ్య దొరికింది. బొమ్మ కింద ఎడమవైపు చిత్రకారుడి పేరు, కుడివైపు దాన్ని రాగిరేకు మీద చెక్కినవాడి పేరు ఉంటాయి. ఆ రెండో మనిషి పనేమిటో నాకు చెప్పింది ఎల్బీనగర్‌లో మా ఎదురింటి డ్రాయింగు మాస్టారు. ఆయనది నాదర్‌గుల్ దగ్గరి పల్లె, మాది కృష్ణా జిల్లా.

"మెజోటింట్ అంటె ముందుగాల రేకంత గరుకు చేస్తరు సార్. అప్పుడు అచ్చేస్తే మొత్తం నలుపే. ఎక్కడ వెలుగు కావాల్నో అక్కడ గీకి నున్నగ చేసుకుంట పోవాలె. ఆ ఆకాశం సూడుండ్రి, ఎంత గీకిండో పాపం" అన్నారు.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజుల్లో ఆ బొమ్మను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక దుకాణంలో ఫ్రేము కట్టడానికి ఇచ్చాను. తెచ్చుకోవలసిన నాడే బంద్ వచ్చింది. దుకాణదారు ఫోన్ చేసి, వెనక తలుపు తీసి ఇస్తాను, రేపు వచ్చినా ఫరవాలేదు అన్నాడు. ఈ రోజుకని డైరీలో రాసుకున్న పనిని రేపటికి జరపడం నాకు అలవాటు లేదు. వెళ్లడానికేమో భయం. నోరు విప్పితే నా యాస తెలిసిపోతుంది.

"మీరైతే ఎవరూ ఆపరు మాస్టారూ" అన్నాను.

"నోరు మూస్కోని పోతే మిమ్మల్ని గూడ ఎవరాపరు సార్. గది మీతోని కాదు గని" అని నవ్వి, చెప్పులేసుకుని బయలుదేరారు.

ఆయన ఫ్రేము తీసుకుని తిరిగొస్తుంటే మెయిన్ రోడ్డు మీద పోలీసులు ఊరేగింపును తరిమారు. లాఠీ ఎత్తినవాడు ఎవరినీ ఏ ఊరని అడగలేదు. మాస్టారు ఎడమచేత్తో ఫ్రేమును గుండెకు హత్తుకుని, కుడిచెయ్యి అడ్డం పెట్టారట. బొమ్మ మీద గీత కూడా పడలేదు. ఆయన మణికట్టు విరిగింది.

దవాఖానలో ఆయన భార్య నన్ను చూసి, "ఇంత పరేషాన్ల గా పటమే గావాల్నా అన్నా" అన్నారు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

కట్టు విప్పాక వేళ్లు సరిగ్గా ముడుచుకోలేదు. మాస్టారు ఆదివారాలు పిల్లలకు బొమ్మలు నేర్పడం మానేశారు.

ఒక ఉదయం ఆ బొమ్మను దించి, పేపర్లో చుట్టి వాళ్లింటికి తీసుకెళ్లాను. "ఇది మీ దగ్గరే ఉండాలి మాస్టారూ."

ఆయన ఎడమచేత్తో టీ తాగుతున్నారు. "ఇక్కడ పెడితే రోజు నేను సూడాలె గద సార్. మీ ఇంట్లనే ఉంచుండ్రి. మీరు సూడుండ్రి." ఈసారి నవ్వలేదు.

తిరిగి తెచ్చి అదే మేకుకు తగిలించాను. సాయంత్రాలు ఆయన మునుపటిలాగే వస్తారు. బొమ్మకు వీపు పెట్టి కూర్చుంటారు. ఎదురు కుర్చీ నాది.