చిన్నమ్మ నడుమూ, వాకిట్లో మొరం కుప్పా

పోయిన వారం గ్యాస్ బండ జరపబోతే నడుము పట్టేసింది. సగం వంగి, గోడ పట్టుకుని, పైకి లేవలేక కిందికి కూర్చోలేక అలాగే ఉండిపోయాను. మా ఆవిడ పొయ్యి దగ్గరి నుంచి చూసింది. పరుగెత్తుకు రాలేదు, అయ్యో అనలేదు. కూర కలుపుతూనే, "ఇయ్యాల బడిల ఏం పాఠం చెప్పినవ్?" అని అడిగింది. కొత్తవాళ్లు వింటే ఈమెకు గుండె ఉందా లేదా అనుకుంటారు. నేను మాత్రం గోడ పట్టుకునే తొమ్మిదో తరగతికి చెప్పిన వృత్తాల పాఠం మొదలుపెట్టాను. సగం పాఠానికి ఊపిరి ఆడింది, ముప్పాతికకు నడుము కాస్త వదిలింది. మిగతా పాతిక పాఠం ఆవిడ విననే లేదు, కూర మాడుతోందంది. నొప్పితో ఉన్న మనిషిని నొప్పి గురించి అడగకూడదనే ఈ ఆచారం మా ఇంటికి మా చిన్నమ్మ వల్ల వచ్చింది. అది వచ్చిన నెల గుర్తొస్తే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

చిన్నమ్మ అంటే మా అమ్మ చెల్లెలు. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. గద్వాలలో కోటకు నడిచి వెళ్లేంత దూరంలో మా ఇల్లు, రెండే గదులు. అందులో పెద్ద గది మనుషులది కాదు, మగ్గానిది. నేల తవ్విన గుంత, అందులో కాళ్లతో తొక్కే కర్రలు, గుంత అంచు మీద కూర్చునే పలక. గద్వాల చీర ఒక్కరితో తెమిలే పని కాదు. ఒళ్లు నూలు, అంచులు పట్టు. పోగును అటూ ఇటూ తీసుకెళ్లే నాడె మధ్యకు ఒకటి, రెండంచులకూ రెండు. ఒకరు గుంతలో కాళ్లు పెట్టి నేస్తుంటే ఇంకొకరు పక్కన కూర్చుని అవతలి అంచు నాడె అందించాలి. మా వీధిలో చాలా ఇళ్లలో మగవాళ్లు గుంతలో దిగితే మా ఇంట్లో చిన్నమ్మ దిగేది, చిన్నాయన పక్కన కూర్చునేవాడు. నూలూ పట్టూ కలిసేచోట ఆమె చేతికి తిరుగులేదని ఆయనే ఒప్పుకునేవాడు. భర్తలు ఒప్పుకునే సంగతులు తక్కువ కాబట్టి ఈ మాట నాకు బాగా గుర్తు.

రెండు వేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లు అయి ఉంటుంది. ఒక వానాకాలం చిన్నమ్మ తడి బండ మీద నీళ్ల బిందెతో జారి పడింది. పెద్ద ఊరి దవాఖానకు తీసుకెళ్తే ఎక్స్‌రే ఫిల్ము తీశారు. అక్కడి డాక్టరు దాన్ని వెలుగుకు పెట్టి, ఎముక కొంచెం జరిగింది, వంగొద్దు, బరువెత్తొద్దు, కింద కూర్చోవద్దు అన్నాడు. ఎన్నాళ్లని ఆయన చెప్పలేదు, మేం అడగలేదు. 'ఎంత' అని అడగడమే వృత్తిగా ఉన్న లెక్కల పంతులును నేను పక్కనే ఉండి కూడా అడగలేదు. నెలల్లో మానాల్సిన దెబ్బ రెండేళ్లయినా అలాగే ఉంది. ఫిల్మును నేనే కిటికీ చువ్వలకు కట్టాను. వచ్చినవాళ్లకు చూపించడానికి వీలుగా ఉంటుందని. పెళ్లి ఫోటోలు చూసినట్టు వీధంతా వచ్చి చూసింది. "నడుం ఎట్లుందే?" అని అడగడం, ఫిల్ము చూడడం, ఆ వెంటనే ఒక కథ చెప్పడం. గట్టు అనే ఊళ్లో ఒకామె గిట్లనే పడి మళ్లీ లేవనే లేదట. ఆ గట్టు ఆమెను మేమెవరం చూడలేదు కానీ రెండేళ్లపాటు ఆమె మా ఇంట్లోనే ఉంది.

జాలిపడే శాఖకు నేనే పెద్దను. పొయ్యి ఎత్తు మీద పెట్టించాను, ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చాను, నడుముకు బెల్టు తెచ్చాను. రోజుకు నలభై సార్లు "వంగకు చిన్నమ్మా" అనేవాణ్ని. చిన్నాయన వేరేవాళ్ల మగ్గం మీద పనికి పోయేవాడు. మా మగ్గం మీద దుప్పటి కప్పి ఉండేది. దాని వైపు చూసినప్పుడల్లా చిన్నమ్మ కళ్లు తుడుచుకునేది. చివరికి నాకొక గొప్ప ఆలోచన వచ్చింది. గుంత ఉన్నన్నాళ్లు ఆమె మనసు దాని మీదే ఉంటుంది, ఏదో ఒకరోజు దిగి ఉన్న నడుము కూడా పోగొట్టుకుంటుంది. కనుక మగ్గం విప్పేసి, గుంత పూడ్చేసి, పైన బండలు పరిపిస్తే పీడ పోతుంది. ట్రాక్టరు నిండా మొరం తెచ్చి వాకిట్లో పోయించాను. అమావాస్య మగ్గాలకు ఎలాగూ సెలవు, ఆ మర్నాడు పని మొదలుపెట్టమని మేస్త్రికి చెప్పాను. చిన్నాయన అవుననలేదు, కాదనలేదు. చిన్నమ్మ, "నీ ఇష్టం కొడుకా" అని గోడ వైపు తిరిగి పడుకుంది. దాన్ని నేను ఒప్పుకోలు అనుకున్నాను.

అమావాస్య రెండు రోజులుందనగా మా బడిలో తోటి పంతులు ఒకాయన వనపర్తిలో నొప్పులకు వైద్యం చేసే డాక్టరమ్మ సంగతి చెప్పాడు. ఇదొక్కటీ చూపించి చేతులు దులుపుకుందామని తీసుకెళ్లాను. డాక్టరమ్మకు యాభై దాటి ఉంటాయి. నేను చాచిన ఫిల్ము తీసుకోకుండా బల్ల మీద పెట్టమంది. కాళ్లు ఎత్తించింది, చిన్న సుత్తితో మోకాళ్ల మీద కొట్టింది, తిమ్మిర్లున్నాయా, జ్వరం వస్తుందా, ఒంటికి రెంటికి ఇబ్బందా అని ఒక్కొక్కటే అడిగింది. ఆ తర్వాతే ఫిల్ము చూసింది, చూసి మళ్లీ కవరులో పెట్టేసింది. ఏదో రాసుకుని, చేతులు కడుక్కోవడానికి లేచింది. ఆమె కట్టుకున్నది గద్వాల చీర.

చిన్నమ్మ కళ్లు ఆ అంచు మీద పడ్డాయి. కుర్చీలోంచి లేచింది, గొంతుక్కూర్చుంది, డాక్టరమ్మ కాళ్ల దగ్గరి కుచ్చిళ్లు చేతిలోకి తీసుకుని అంచు తిరగేసింది. "ఎవరు నేసిన్రమ్మ దీన్ని? నూలు, పట్టు కలిసే కాడ వదులుగ ఇడిసిన్రు. ఇగో, గీడ చూడు" అంటూ వేలితో గీసి చూపిస్తోంది, ఒక మడత నుంచి ఇంకో మడతకు పోతోంది. డాక్టరమ్మ కదలకుండా నిలబడింది. రెండేళ్లలో చిన్నమ్మ అలా కూర్చోవడం నేను చూడలేదు. "చిన్నమ్మా! నడుం!" అని అరిచాను. ఆ మాట చెవిన పడడం, ఆమె "అమ్మా" అని నడుము పట్టుకోవడం ఒక్కసారే జరిగాయి. ముఖం పాలిపోయింది, చెమటలు పట్టాయి. ఇద్దరం పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టాం.

డాక్టరమ్మ ఆమె వైపు కాదు, నా వైపు చూసింది. "మీ చిన్నమ్మ ఎంతసేపు కింద కూసుందో చూసిన్రా పంతులుగారూ?" అంది. నేను చూడలేదన్నాను. "నేను చూసిన. మీరు అరిసేదాంక మంచిగనే కూసుంది."

చిన్నమ్మకు రోషం వచ్చింది. "అంటే నాకు నొస్తలేదంటవా అమ్మా? రెండేండ్ల సంది నాటకమాడుతున్ననా?"

"లేదమ్మా. నొప్పి నిజం, ఒట్టు. కానీ నీ ఎముకకు ఇప్పుడు భయం లేదు" అని డాక్టరమ్మ ఆమె ఎదుట కూర్చుంది. "మీ దిక్కు పల్లి చేన్లల్ల పందులు పడ్తయి గదా? ఒక్కసారి పంది చేనంత తొక్కి పోయినంక, కావలి ఉన్నోడు ఏం చేస్తడు? ఆకు కదిలినా డబ్బా కొడ్తడు. డబ్బా సప్పుడు నిజమే. పంది మాత్రం లేదు. నీ నడుంల ఉన్న కావలోడు గట్లనే బెదిరిండు. ఇంటోళ్లందరు కలిసి వానికి రోజు ఇంత భయం పెడుతున్నరు."

ఇక మందు చెప్పింది. రోజూ గుంతలో కూర్చోవాలి. మొదట పది పోగులు వేసి లేవాలి. ఒళ్లు బాగున్నా పదే, బాగా లేకపోయినా పదే. వారం వారం కొంచెం పెంచాలి. పోగు పోగుకూ ఊపిరి నిదానంగా వదలాలి. నొప్పి లేస్తే కంగారు పడకుండా, డబ్బా విన్నాను, పంది లేదు అని మనసులో చెప్పుకోవాలి. కాళ్లు తిమ్మిరెక్కినా, బలం తగ్గినా వెంటనే రావాలి. ఇంట్లో ఎవరూ నొప్పి ఊసెత్తకూడదు. ఆఖరుది చెప్పి, "గీ మందు మీకే చేదు" అంది నాతో.

తిరుగు బస్సెక్కాం. పెబ్బేరు దాటింది, బీచుపల్లి దగ్గర కృష్ణ వచ్చింది, ఎప్పుడూ దణ్ణం పెట్టే చిన్నమ్మ కిటికీలోంచి నీళ్లు చూస్తూ కూర్చుంది. ఇంటికి చేరితే వాకిట్లో మొరం కుప్ప. దాన్ని చుట్టుకుని లోపలికి పోవాల్సి వచ్చింది. సంగతంతా విన్న చిన్నాయన లేచి, మగ్గం మీది దుప్పటి లాగి దులిపాడు. రెండేళ్ల దుమ్ము గదంతా లేచింది. నాకు కోపం వచ్చింది. "మళ్లీ పడితే ఎవరు చూస్తరు? గట్టు ఆమె లెక్క మంచాన పడితే?" అని కేకలేశాను. "నువ్వు మేస్త్రిని ఆపుతవా, నన్ను ఆపమంటవా?" అన్నాడు చిన్నాయన. ఆయన గొంతు పెంచడం అదే మొదటిసారి. చివరికి నేనొక గడువు పెట్టాను. ఈ అమావాస్య పోయి మళ్లీ వచ్చే అమావాస్య దాకా చూస్త, అప్పటికి కాకుంటే గుంత పూడిపిస్త అన్నాను. ఒక ఆడమనిషి బతుకుకు నేను గడువు పెట్టాను, చూడండి నా పెద్దరికం!

ఫిల్ము తీసి ట్రంకుపెట్టె అడుగున పెట్టాను. మొదటి రోజు పది పోగులకు పావుగంట పట్టింది. చిన్నమ్మ ముఖం చూడలేక నేను బడికి గంట ముందే వెళ్లిపోయాను. వీధివాళ్లను ఆపడం ఇంకో పని. చిన్నాయన గడప మీద కూర్చుని, వచ్చినవాళ్లకు అక్కడే చెప్పి లోపలికి పంపేవాడు. నడుము గురించి అడగొద్దంటే పక్కింటామెకు మాటలే దొరికేవి కావు. కాసేపు గోడలు చూసి, "ఇయ్యాల ఏం కూర?" అని, అదే ప్రశ్న మళ్లీ అడిగి పోయేది. నా సంగతి మరీ అధ్వానం. నోటి దాకా వచ్చిన మాటను భుజం మీది తువ్వాలు కొరికి ఆపుకునేవాణ్ని. ఆ తువ్వాలు కొస ఆ నెలలోనే పీలికలైంది. పది పోగులు పదిహేనయ్యాయి, పదిహేను ఇరవై అయిదయ్యాయి.

అమావాస్య నాలుగు రోజులుందనగా ఒక పొద్దున చిన్నమ్మ మంచం మీది నుంచి లేవలేకపోయింది. పక్కకు ఒత్తిగిలడానికే మూలుగుతోంది. సిగ్గు విడిచి చెప్తున్నాను, ఆ మూలుగు వినగానే నా లోపల ఒక మూల, నేను చెప్పలేదా, అన్న సంతోషం కలిగింది. కన్నతల్లి లాంటి మనిషి నొప్పితో ఉంటే, నా మాట నెగ్గిందని సంతోషం! ఆ రోజు బడికి సెలవు పెట్టాను. మధ్యాహ్నానికి మేస్త్రి కూడా వచ్చాడు. మొరం కుప్పను కాలితో తడుతూ, "అమావాస్య అయినంక మొదలువెడదామా సార్?" అని వాకిట్లో నిలబడ్డాడు. నేను జవాబు చెప్పేలోగా లోపల చప్పుడైంది. చిన్నమ్మ గోడ పట్టుకుని మగ్గం గదిలోకి నడుస్తోంది.

పలక పట్టుకుని ఒక్కొక్క కాలే గుంతలోకి దించింది. చిన్నాయన అన్నం తినే చెయ్యి కడుక్కుని పక్కన కూర్చున్నాడు. "ఇయ్యాల గూడ ఇరవై అయిదే" అంది చిన్నమ్మ. ఒకటి, రెండు, నాడె తిరుగుతోంది. లెక్కల పంతులును కదా, నోట్లోనే లెక్కపెడుతున్నాను. పదకొండో పోగు దగ్గర చెయ్యి ఆగింది. ఒళ్లంతా బిగుసుకుంది, కుడిచెయ్యి నడుము మీదికి పోయింది, పెదవులు తెల్లబడ్డాయి. నేను నోరు తెరిచాను. చిన్నాయన తలెత్తి నన్నొక్క చూపు చూశాడు. తువ్వాలు నోట్లో కుక్కుకున్నాను. ఆయన చేతిలోని అంచు నాడె చూసుకుంటూ, మామూలు గొంతుతో, "ఏమే, దారం తెగిందా?" అన్నాడు.

చిన్నమ్మ కళ్లు మూసుకుంది. ఊపిరి ఒకటి వదిలింది, ఇంకొకటి వదిలింది. పెదవులు కదిలాయి. ఏమనుకుందో నాకు తెలుసు. ఎంతసేపు గడిచిందో తెలియదు, వాకిట్లో మేస్త్రి బీడీ వాసన మాత్రం గుర్తుంది. నడుము మీది చెయ్యి మెల్లగా మగ్గం మీదికి వచ్చింది. "తెగలే. నాడె ఇయ్యి" అంది.

పన్నెండు. పదమూడు. ఇరవై దగ్గర ఆమె భుజాలు దిగాయి. ఇరవై అయిదు కాగానే ఆగింది, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా పైకి లేచింది. నా ముందుకు వచ్చి, నా నోట్లోని తువ్వాలు తానే లాగేసింది. "నా నడుం మీదున్న ప్రేమ, గంత పావురం, జర నా మీద గూడ ఉంచు కొడుకా. మేస్త్రిని పొమ్మను" అంది. నేను వాకిట్లోకి పోయి చెప్పబోయి ఏడ్చేశాను. మేస్త్రి ఏమనుకున్నాడో, ఇంట్లో ఎవరో పోయారనుకున్నట్టున్నాడు, తలగుడ్డ తీసి చేత పట్టుకుని వెళ్లిపోయాడు.

నొప్పి ఆ రోజుతో పోయిందని చెప్తే అబద్ధమవుతుంది. వానలప్పుడు వచ్చేది, ఎవరైనా చనిపోయిన కబురు వింటే వచ్చేది, నాకు సంబంధాలు చూస్తున్నప్పుడు బాగా వచ్చేది. వస్తే, "డబ్బా కొడుతుండు" అని పని చేసుకునేది. వెనకటంత వేగంగా నేయలేకపోయినా, మరో పదేళ్లు గుంతలో దిగింది. ఆ నెల మొదలుపెట్టిన చీరలో, అంచు ఒళ్లు కలిసేచోట, వేలెడంత మేర వదులుగా ఉంటుంది. ఆ రోజు చెయ్యి ఆగిన పదకొండో పోగు చోటు అది. విప్పి మళ్లీ నేయమంటే ఒప్పుకోలేదు, ఎవరికీ ఇవ్వలేదు. పెళ్లిలో మా ఆవిడకు పెట్టింది, ఆ వదులు చూపించి, దాని కథ చెప్పి మరీ పెట్టింది. మొరం కుప్ప మాత్రం తర్వాతి వానలకు కొట్టుకుపోయి వీధిలో గుంతలన్నీ పూడ్చింది. సొంత మొరంతో వీధి బాగు చేయించాడని నాకు మంచి పేరు వచ్చింది, నేనూ కాదనలేదు.

పోయిన వారం నా నడుము పట్టేసిన మర్నాడు ట్రంకుపెట్టె తెరిస్తే అడుగున ఆ ఫిల్ము కనిపించింది. కిటికీ దగ్గర పెట్టి చూద్దామనిపించింది, చూడకుండానే మళ్లీ పెట్టేశాను. కాలమే అన్నిటినీ మాన్పుతుందని అందరూ అంటారు కానీ, మా ఇంట్లో రెండేళ్లు కాలం కూడా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఫిల్ము చూస్తూ ఉండిపోయింది. చిన్నమ్మ గుంతలో దిగి నాడె అడిగాకే అది లేచి తన పని మొదలుపెట్టింది.