కూల్చే ముందు అడగాలి

ఆ క్రెష్‌లో ఆమె అందరికీ పిన్నే. పిల్లలకూ, వాళ్ల అమ్మలకూ, జీతమిచ్చే మేడమ్‌కూ పిన్నే. అక్క పిల్లల్ని పెంచి పెద్దచేసిన చేతులవి. వాళ్లు ఎవరి దారిన వాళ్లు వెళ్లాక ఊరికే ఉండలేక ఇక్కడికొచ్చాయి. పొద్దున్నే ఆమె కిటికీ తెరిస్తే చాప మీద ముందు వెలుతురు కూర్చుంటుంది, తర్వాత పిల్లలు.

ఆ ఏడు చేరిన ఒక పాపకి పిన్ని సుడిగాలి అని పేరు పెట్టింది. ఎవరు చెక్క దిమ్మలతో మేడ కట్టినా వచ్చి ఒక్క తోపు తోసేది. దిమ్మలు దొర్లే చప్పుడుకి పాప మొహంలో దీపం వెలిగేది. కట్టినవాళ్ల మొహంలో ఆరిపోయేది.

ఎక్కువగా ఏడ్చేది ఇంజనీరు. పొద్దస్తమానం మేడలు కట్టే పిల్లవాడికి పిన్ని పెట్టిన పేరే అదీ. ఒకరోజు దిమ్మ తగిలి వాడి నుదురు బొప్పి కట్టింది. సాయంత్రం వాళ్ల నాన్న మేడమ్‌తో గట్టిగానే మాట్లాడాడు.

"ఈ వారం చూస్తాను పిన్నీ. మారకపోతే ఆ పిల్లని పంపించెయ్యడమే," అంది మేడమ్.

సుడిగాలి తల్లి బస్సు కండక్టరు. "దీన్ని చంకనేసుకుని టికెట్లు కొట్టాలా పిన్నీ," అని నవ్వబోయింది. నవ్వు సగంలోనే తెగింది.

మర్నాడు పిన్ని దిమ్మలన్నిటినీ టేపుతో అంటించి మేడ చేసింది. సుడిగాలి తోస్తే అది మొద్దులా పక్కకి ఒరిగింది, అంతే. పాప తెల్లబోయింది. విచిత్రం, ఇంజనీరు కూడా ఆ మేడ దగ్గరికి రాలేదు.

"ఏం నాయనా, ఇక ఎవరూ కూల్చరుగా?"

"నేనూ కూల్చలేను కదా పిన్నీ," అన్నాడు దిగులుగా.

"ఓరి నీ దుంప తెగ. నీకూ కూల్చాలనే ఉందా?"

"నాది నేనే కూల్చాలి."

పిన్ని నవ్వుతూనే గోళ్లతో టేపు పీకేసింది. గోడవారగా పాత పరుపు పరిచి, ఖాళీ అట్టపెట్టెలు పేర్చి, సుడిగాలిని పిలిచింది. "ఇక్కడ నీ ఇష్టం తల్లీ, ఎంతైనా కూల్చు. అవతలివి మాత్రం కట్టినవాళ్లని అడగాలి. వద్దంటే వద్దే."

సుడిగాలి మర్చిపోయేది. పిన్ని దాని చెయ్యి పట్టుకుని ఆపి "ఏమని అడగాలి?" అనేది. పెట్టెలు పేర్చి పేర్చి పిన్నికి నడుం పట్టేసింది. "నేను తాపీమేస్త్రీని, అది భూకంపం," అంది మేడమ్‌తో. చివరికి నడుం పట్టుకుని కూర్చుండిపోతే, పేర్చితేగాని కూలవని తెలిసి సుడిగాలే పెట్టెలు మోసుకురావడం మొదలెట్టింది.

వారం చివర మేడమ్ గుమ్మంలో నిలబడింది. ఇంజనీరు మేడ వాడి భుజం దాకా లేచింది. సుడిగాలి పరుగున వచ్చింది. పిన్ని ఆ చివర ఎవరిదో తడిసిన లాగు మారుస్తోంది, అందుకోలేదు.

పాప చెయ్యెత్తి ఆగింది. "కూల్చనా?"

"వద్దు."

కింది పెదవి వణికింది. చెయ్యి గాల్లోనే ఉంది. తర్వాత గిరుక్కున తిరిగి, మూలకి పోయి, అట్టపెట్టెల్ని కసిదీరా తన్నింది.

కాసేపటికి ఇంజనీరే పిలిచాడు. "ఏయ్, రా. ఇద్దరం తోద్దాం."

సాయంత్రం మేడమ్ కండక్టరమ్మతో అంది: "సోమవారం కాస్త పెందలాడే తీసుకురండి. పెట్టెలు పేర్చడానికి పిన్నికి తోడు కావాలట."

"పేర్చడానికా? ఇదా?" అంది తల్లి.